అమ్మ థైరాయిడ్ క్యాన్సర్ ఆపరేషన్: ఏ సర్జన్ చేతిలో పెట్టాలి?

ప్రశ్న: మా అమ్మకి 61 ఏళ్లు. నాన్నతో ఒంగోలులో ఉంటుంది. షుగర్, బీపీ ఉన్నాయి. షుగర్‌కి మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ వాడుతుంది. మెడలో కుడివైపు గడ్డ తగిలితే స్కానింగ్, సూది పరీక్ష చేయించాం. గడ్డ 2.4 సెంటీమీటర్లు, బెథెస్డా 6 (సూది పరీక్షలో క్యాన్సర్ దాదాపు ఖాయమనే వర్గం), పాపిలరీ కార్సినోమా అని వచ్చింది. పక్కన ఒక లింఫ్ గ్రంథి కూడా ఉందని స్కానింగ్ రిపోర్టులో ఒక్క ముక్క రాశారు. నాన్నకి గాల్‌బ్లాడర్ ఆపరేషన్ చేసిన మా ఊరి సర్జన్ వచ్చే వారమే చేసేద్దాం అంటున్నారు. హైదరాబాద్‌లో ఒక కార్పొరేట్ ఆసుపత్రివాళ్లు రోబోతో మచ్చ పడకుండా చేస్తామన్నారు. పిన్ని వెల్లూరు తీసుకెళ్లమంటోంది. కత్తి పెడితే పాకుతుంది, నాటుమందు వాడదాం అని పెదనాన్న పట్టు. అమ్మ గుడిలో అన్నమయ్య కీర్తనలు పాడుతుంది, గొంతు పోతుందేమోనని ఆవిడ భయం. మాకేమీ పాలుపోవడం లేదు. సర్జన్‌ని ఎలా ఎంచుకోవాలి?

జవాబు: ముందు ఆ "వచ్చే వారం" అన్న తేదీని పక్కన పెట్టండి. థైరాయిడ్ క్యాన్సర్ వచ్చిన పదిమందిలో సుమారు ఎనిమిది మందికి ఉండేది ఈ పాపిలరీ రకమే. ఇది నిదానంగా పెరుగుతుంది. సరైన స్కానింగ్ చేయించి, సరైన సర్జన్‌ని వెతుక్కోవడానికి నాలుగైదు వారాలు పట్టినా జబ్బు చెయ్యి దాటిపోదు. తొందరపడాల్సిన సందర్భాలు వేరే ఉన్నాయి. గడ్డ రోజురోజుకీ పెరుగుతున్నా, గొంతు కొత్తగా బొంగురుపోయినా, ముద్ద దిగకపోయినా, పడుకుంటే ఊపిరి అందకపోయినా ఆ వారంలోనే పెద్దాసుపత్రికి వెళ్లాలి. రిపోర్టులో మెడుల్లరీ, అనాప్లాస్టిక్ అన్న వేరే రకాల థైరాయిడ్ క్యాన్సర్ పేర్లు ఉన్నా దారి వేరే. మీ ఉత్తరంలో ఇవేవీ లేవు.

పెదనాన్నగారి భయం చాలా ఇళ్లలో ఉన్నదే, కానీ అది నిజం కాదు. ఆపరేషన్ వల్ల గానీ, సూది పరీక్ష వల్ల గానీ ఈ జబ్బు పాకిపోదు. ఆలస్యంగా వచ్చినవాళ్లకి గడ్డ తీసేటప్పుడు అప్పటికే పాకిన సంగతి బయటపడుతుంది, నింద కత్తి మీద పడుతుంది. దీనికి మొదటి వైద్యం ఆపరేషనే. ఆ తర్వాత మిగిలిన థైరాయిడ్ కణాల్ని చంపడానికి కొందరికి ఇచ్చే రేడియో అయోడిన్ మందు కూడా గ్రంథి మొత్తం తీసేశాకే పని చేస్తుంది. ఓపీకి వెళ్లేటప్పుడు ఆయన్ని కూడా వెంటబెట్టుకెళ్లండి. డాక్టరు నోటి నుంచి నేరుగా వింటే ఇంట్లో రోజూ జరిగే వాదన ఒక కొలిక్కి వస్తుంది.

సర్జన్ ఎంపిక ఇంత ముఖ్యం ఎందుకంటే, ఈ క్యాన్సర్ ప్రాణం తీయడం అరుదు గానీ, ఆపరేషన్‌లో జరిగే పొరపాటు మాత్రం జీవితాంతం వెంట ఉంటుంది. థైరాయిడ్ వెనక, శ్వాసనాళానికీ ఆహారనాళానికీ మధ్య గాడిలో, మాట పలికించే నరం ఒకటి ఒక్కో పక్క పైకి ఎక్కుతుంది. సన్నని తెల్లని దారంలా ఉంటుంది. స్వరపేటికలోకి దూరే చోట అది గ్రంథిని శ్వాసనాళానికి పట్టి ఉంచే బిగుతు పొరకి అతుక్కున్నట్టే ఉంటుంది. ఎక్కువగా దెబ్బ తగిలేది అక్కడే. గ్రంథిని కాస్త గట్టిగా లాగినా, పక్కన వేడి పరికరం ఆనినా చాలు, నరం తెగకుండానే చచ్చుబడుతుంది.

ఇంకా సున్నితమైనవి పారాథైరాయిడ్ గ్రంథులు. సాధారణంగా నాలుగు ఉంటాయి. ఒక్కొక్కటి కందిపప్పు బద్ద కంటే పెద్దదేమీ కాదు, బరువు 30 నుంచి 40 మిల్లీగ్రాములు. రంగు పసుపు కలిసిన గోధుమ రంగు. చుట్టూ ఉన్న కొవ్వులో కలిసిపోయి, అలవాటు లేని కంటికి కొవ్వు ముక్కలాగే కనిపిస్తాయి. ఒంట్లో కాల్షియాన్ని నిలిపేవి ఇవే. వీటిని తీయకుండా వదిలేస్తే సరిపోదు. ప్రతిదానికీ వెంట్రుకంత రక్తనాళం ఒకటి ఉంటుంది, అది కూడా బతకాలి. అందుకే అనుభవం ఉన్న సర్జన్ థైరాయిడ్‌కి వచ్చే పెద్ద రక్తనాళాన్ని మొదట్లోనే కట్టెయ్యడు. గ్రంథిని ఆనుకుని, చిన్న చిన్న కొమ్మల్ని ఒక్కొక్కటే కట్టుకుంటూ వస్తాడు. పొరపాటున ఒక పారాథైరాయిడ్ ఊడి వస్తే సెలైన్‌లో వేసి చూస్తారు. కొవ్వు తేలుతుంది, పారాథైరాయిడ్ మునుగుతుంది. అది పారాథైరాయిడే, క్యాన్సర్ చేరిన నోడ్ (లింఫ్ గ్రంథి) కాదు అని తేల్చుకున్నాక సన్నగా తరిగి మెడ కండరంలోనే చిన్న సంచిలా చేసి నాటేస్తారు, కొన్ని వారాల్లో అది మళ్లీ పనిచేస్తుంది. ఇవేవీ పుస్తకం చదివితే వచ్చేవి కావు, వందసార్లు చేస్తే కన్నూ చెయ్యీ పట్టుకునేవి.

కాబట్టి అడగాల్సిన మొదటి ప్రశ్న: "సార్, ఏడాదికి ఎన్ని థైరాయిడ్లు చేస్తారు? అందులో క్యాన్సర్‌వి ఎన్ని?" అమెరికాలో దాదాపు 17 వేల ఆపరేషన్లు పరిశీలించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడాదికి 25కి మించి థైరాయిడ్ మొత్తం తీసే ఆపరేషన్లు చేసే సర్జన్ల దగ్గర ఇబ్బందులు తక్కువని తేలింది. అంటే నెలకి కనీసం రెండు. మన దగ్గర పెద్ద కేంద్రాల్లో వారానికే అంతకంటే ఎక్కువ చేసేవాళ్లు ఉన్నారు, కాబట్టి 25ని కనీస హద్దుగా పట్టుకోండి. మీ అమ్మగారికి పక్కనున్న నోడ్‌లో కూడా జబ్బు ఉండొచ్చు గనక, మెడలోని నోడ్స్ తీసే పని విడిగా ఎన్నిసార్లు చేశారో కూడా అడగండి. అది మరో పెద్ద పని.

రెండో ప్రశ్న చాలామంది మొహమాటంతో అడగరు: "మీ దగ్గర చేయించుకున్నవాళ్లలో గొంతు శాశ్వతంగా పోయినవాళ్లు ఎందరు, కాల్షియం మాత్రలు జీవితాంతం వాడేవాళ్లు ఎందరు?" చెయ్యి తిరిగినవాళ్ల దగ్గర నరం శాశ్వతంగా దెబ్బతినడం నూటికి ఒకరిద్దరికి. కాల్షియం కొన్నాళ్లు తగ్గడం మాత్రం మామూలే, పూర్తి గ్రంథి తీసిన ప్రతి నలుగురిలో ఇంచుమించు ఒకరికి ఉంటుంది. శాశ్వతంగా తగ్గిపోవడం నూటికి ముగ్గురు లోపే ఉండాలి. లెక్కలు రాసుకునే సర్జన్ అంకెలతో జవాబిస్తారు, ఎక్కడ ఇబ్బంది వచ్చిందో కూడా చెప్తారు. "నా దగ్గర ఇంతవరకూ ఒక్కరికీ ఏమీ కాలేదు" అని ఎవరైనా అంటే, చేసినవి తక్కువై ఉండాలి, లేదా చేశాక మళ్లీ చూసుకోకపోయి ఉండాలి. అడిగినందుకు చిరాకు పడే డాక్టరు దగ్గర, ఆపరేషన్ తర్వాత రాత్రి పదకొండింటికి ఫోన్ చేయాల్సి వస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

డిగ్రీల గురించి పెద్దగా తలబద్దలు కొట్టుకోనక్కర్లేదు. ఎండోక్రైన్ (హార్మోన్ గ్రంథుల) సర్జరీలో ఎంసీహెచ్ అనే పై డిగ్రీ చేసినవాళ్లు, సర్జికల్ ఆంకాలజీ (క్యాన్సర్ సర్జరీ) చేసినవాళ్లు, హెడ్ అండ్ నెక్ (తల, మెడ) ఫెలోషిప్ ఉన్న ఈఎన్‌టీ సర్జన్లు, ఈ ముగ్గురూ ఈ పని చేస్తారు. కొన్ని ఊళ్లలో జనరల్ సర్జన్లు కూడా ఎన్నో ఏళ్లుగా బాగా చేస్తున్నారు. మీ ఊరి సర్జన్ ఆ కోవలోనివారైతే ఆయన్ని కాదనడానికి కారణం లేదు, ఆయన్నీ ఇవే ప్రశ్నలు అడగండి. నాన్నగారి గాల్‌బ్లాడర్ బాగా చేశారన్నది మాత్రం ఇక్కడ పనికొచ్చే ఆధారం కాదు. ఆ చేతి నైపుణ్యం వేరు, మెడలో పని వేరు. పెద్ద బోధనాసుపత్రుల్లో ఇంకో మాట కూడా తేల్చుకోవాలి: ఓపీలో చూసిన పెద్ద డాక్టరే నరం దగ్గర పని చేస్తారా, లేక శిక్షణలో ఉన్నవాళ్లు చేస్తే ఆయన పక్కనే ఉంటారా? అలా నేర్పించడంలో తప్పు లేదు. పెద్దాయన ఆ గదిలో ఉండాలి, అంతే.

ఇప్పుడు ఆ స్కానింగ్ రిపోర్టులోని "ఒక్క ముక్క" దగ్గరికి వద్దాం. మా దృష్టిలో మీ ఉత్తరం మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైనది అదే. ఆపరేషన్ ఎంత పెద్దదో నిర్ణయించేది ఆ నోడే, దాని గురించి ఇంకా ఎవరూ ఏమీ తేల్చలేదు. థైరాయిడ్ చూసే మామూలు స్కానింగ్ ఇందుకు చాలదు. మెడ రెండు వైపులా, మధ్య భాగం, పక్క భాగాలు అన్నీ వరుసగా చూసి, ఏ నోడ్ ఎక్కడ ఉందో బొమ్మ గీసి ఇచ్చే మెడ నోడ్స్ అల్ట్రాసౌండ్ విడిగా చేయించాలి. నోడ్ గుండ్రంగా ఉందా, మధ్యలో ఉండాల్సిన కొవ్వు గీత కనిపిస్తోందా, లోపల సున్నపు చుక్కలు గానీ నీటి తిత్తి గానీ ఉన్నాయా అన్నవి రాయాలి. అనుమానంగా ఉంటే ఆ నోడ్‌లోంచి కూడా సూదితో తీసి పరీక్షకి పంపుతారు. అదే సూదిని ఒక మిల్లీలీటరు సెలైన్‌లో కడిగి, ఆ నీళ్లలో థైరోగ్లోబ్యులిన్ (థైరాయిడ్ కణాలు తయారుచేసే ప్రోటీన్) ఎంతుందో చూస్తే, కణాలు సరిగ్గా దొరక్కపోయినా జవాబు తెలుస్తుంది. పక్క మెడలోని నోడ్‌లో థైరోగ్లోబ్యులిన్ ఉండే పని లేదు, ఎక్కువగా ఉందంటే జబ్బు అక్కడికి చేరినట్టే.

ఈ స్కానింగ్ లేకుండా ఆపరేషన్‌కి తేదీ ఇచ్చే సర్జన్ దగ్గర ఆగి ఆలోచించండి. ఎందుకంటే జబ్బున్న నోడ్స్‌ని మొదటిసారి వదిలేస్తే ఏడాదికో రెండేళ్లకో మళ్లీ మెడ తెరవాలి. అప్పటికి లోపలంతా మచ్చ కట్టి, నరం ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తుంది, ప్రమాదం బాగా పెరుగుతుంది. ఇంకో పొరపాటు, పెద్దగా కనిపించిన ఒక్క నోడ్‌ని గిల్లి తీసేసి ఊరుకోవడం. పక్క మెడలో జబ్బు తేలితే ఆ భాగంలోని నోడ్స్ మొత్తం, చుట్టూ ఉన్న కొవ్వుతో సహా ఒకే ముద్దగా తీయాలి. "ఒక్కటే తీస్తారా, ఆ భాగమంతా తీస్తారా?" అని అడిగి చూడండి. ఈ పని తెలిసినవాళ్లు కాగితం మీద మెడ బొమ్మ గీసి చూపిస్తారు.

గ్రంథి సగం తీయాలా, మొత్తం తీయాలా అన్నది కూడా దీని మీదే ఆధారపడుతుంది. ఒక సెంటీమీటరు నుంచి నాలుగు దాకా ఉన్న గడ్డకి, అది గ్రంథి దాటి బయటికి రాకపోతే, నోడ్స్‌లో ఏమీ లేకపోతే, సగం తీసినా మొత్తం తీసినా సరైనదేనని అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2015 మార్గదర్శకాలు చెప్పాయి. సగం తీస్తే కాల్షియం బెడద దాదాపు ఉండదు, ఒకవైపు నరాన్ని అసలు తాకరు, కొందరికి థైరాయిడ్ మాత్ర కూడా అక్కర్లేదు. అదే పక్క నోడ్‌లో జబ్బుందని తేలితే మొత్తం గ్రంథి, ఆ వైపు నోడ్స్ తీయాల్సిందే, తర్వాత రేడియో అయోడిన్ అవసరమవుతుందేమో కూడా చూస్తారు. రిపోర్టు చూడగానే "క్యాన్సర్ కదా, మొత్తం తీసేద్దాం" అన్నవాళ్ల కంటే, నోడ్ సంగతి తేలాక మాట్లాడదాం అన్నవాళ్లనే మేము ఎక్కువ నమ్ముతాం.

అమ్మగారి గొంతు సంగతికి వస్తే, ఆవిడ పాడతారన్న విషయం సర్జన్‌కి మొదటి రోజే చెప్పాలి. ఇది చాలామంది మర్చిపోతారు. మాట పలికించే నరం ఒకటైతే, తారస్థాయిలో స్వరాన్ని బిగించే నరం ఇంకొకటి. అది గ్రంథి పై కొనలో, అక్కడికి వచ్చే రక్తనాళం పక్కనే సన్నగా వెళ్తుంది. దానికి దెబ్బ తగిలితే మామూలు మాటలో తేడా తెలియదు. పల్లవి బాగానే సాగుతుంది, చరణంలో పైకి వెళ్లబోయేసరికి స్వరం అందదు, పది నిమిషాలకే గొంతు అలసిపోతుంది. పాడేవాళ్లకి ఇది పెద్ద నష్టం. "పై కొన దగ్గర కొమ్మల్ని విడివిడిగా కడతారా? ఆ నరాన్ని కూడా చూసుకుంటారా?" అని అడగండి.

ఆపరేషన్‌కి ముందే ఈఎన్‌టీ డాక్టరు సన్నని కెమెరా గొట్టంతో స్వరతంత్రులు రెండూ కదులుతున్నాయో లేదో చూడాలి. ఐదు నిమిషాల పని. మాట బాగానే ఉన్నా ఒక తంత్రి అప్పటికే కదలకుండా ఉండొచ్చు. అది ముందే తెలిస్తే సర్జన్ రెండో వైపు నరం విషయంలో చాలా జాగ్రత్త పడతారు. రెండు వైపులా పోతే మాట సంగతి అటుంచి ఊపిరికే గండం, గొంతుకి రంధ్రం చేసి గొట్టం పెట్టాల్సి వస్తుంది.

నరం మానిటర్ గురించి కూడా మీకు చెప్తారు. మత్తు ఇచ్చేటప్పుడు గొంతులో వేసే గొట్టానికి తీగలుంటాయి, అవి స్వరతంత్రులకి ఆని ఉంటాయి. సర్జన్ నరాన్ని సన్నని కడ్డీతో తాకితే యంత్రం కూత పెడుతుంది. మంచి సాధనమే, కానీ నరాన్ని కళ్లతో చూసి గుర్తుపట్టడానికి అది బదులు కాదు. దాని అసలు ఉపయోగం ఒక వైపు పూర్తయ్యాక తెలుస్తుంది. అందుకే ఇలా అడగండి: "మొదటి వైపు సిగ్నల్ పోతే రెండో వైపు ఆ రోజుకి ఆపేస్తారా?" ఆపేస్తాం, నరం కోలుకున్నాక కొన్ని వారాలకో నెలలకో రెండో వైపు చేస్తాం అన్న జవాబు వినాలి మీరు.

రోబో, నోటి లోపల నుంచి చేసే ఎండోస్కోపీ పద్ధతుల్లో మెడ మీద మచ్చ పడదు. గడ్డ చిన్నదై, నోడ్స్‌లో జబ్బు లేని, వయసులో ఉన్నవాళ్లకి, మచ్చంటే బాధపడేవాళ్లకి అవి బాగుంటాయి. క్యాన్సర్ తీయడంలో గానీ, నరాన్ని కాపాడటంలో గానీ మామూలు పద్ధతి కంటే మెరుగని చెప్పలేం, ఖర్చు మాత్రం ఎక్కువ. మీ అమ్మగారికి నోడ్ తేలకుండానే రోబో మాట ఎత్తడం తొందరపాటు. మెడ ముడతలో పెట్టే నాలుగైదు సెంటీమీటర్ల గాటు ఏడాది తిరిగేసరికి ఆ ముడతలోనే కలిసిపోతుంది. నోడ్స్ కూడా తీయాల్సి వస్తే గాటు పక్కకి పొడుగవుతుంది, అది ముందే చెప్పించుకోండి.

ఊరికి దగ్గరా, దూరమా అన్న తగవు మీ ఇంట్లో నడుస్తోంది గనక, రెండు రాత్రుల గురించి చెప్పాలి. మొదటిది ఆపరేషన్ అయిన రాత్రి. నూటికి ఒకరికి మెడ లోపల రక్తం కారి గడ్డకడుతుంది, ఎక్కువగా మొదటి ఆరు గంటల్లో, చాలామందికి 24 గంటల లోపే. మెడ బిగుతుగా ఉబ్బుతుంది, మనిషి కుదురుగా ఉండలేక లేచి కూర్చుంటుంది, మాట మారుతుంది, గురగుర వినిపిస్తుంది. అప్పుడు థియేటర్ తెరిచేదాకా ఆగితే ప్రాణం దక్కదు. మంచం మీదే కుట్లు విప్పి, ఆ రక్తం గడ్డని బయటికి తీసేయాలి. "రాత్రి డ్యూటీలో ఉండే డాక్టరుకి ఈ పని వచ్చా? మత్తు డాక్టరు ఆసుపత్రిలోనే ఉంటారా, ఫోన్ చేస్తే వస్తారా?" అని అడగండి. చిన్న నర్సింగ్ హోముల విషయంలో మా అసలు వెనకడుగు ఇక్కడే. పగలు చేసే సర్జన్ ఎంత మంచివాడైనా, రాత్రి రెండింటికి ఆయన ఇంట్లో ఉంటాడు.

రెండోది ఇంటికి బయల్దేరిన రాత్రి. కాల్షియం ఆపరేషన్ రోజు పడిపోదు, రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య బాగా తగ్గుతుంది. వెల్లూరులో డిశ్చార్జి చేయించుకుని కాట్పాడిలో రైలెక్కే సమయం సరిగ్గా అదే. మూతి చుట్టూ, వేళ్ల కొసల్లో సూదులు గుచ్చినట్టు తిమ్మిరి మొదలవుతుంది. పట్టించుకోకపోతే వేళ్లు కొంకర్లు పోతాయి, పిక్కలు పట్టేస్తాయి. తిమ్మిరి మొదలైన వెంటనే డాక్టరు రాసిచ్చిన అదనపు కాల్షియం మాత్రలు వేసి కబురు చేయాలి. కొంకర్లు పోతే దగ్గర్లోని క్యాజువాలిటీకి వెళ్లి, ఈసీజీ చూస్తూ కాల్షియం గ్లూకోనేట్ రక్తనాళంలోకి నెమ్మదిగా ఎక్కించాలి. అందుకే వెల్లూరైనా హైదరాబాద్ అయినా, మొత్తం గ్రంథి తీస్తే డిశ్చార్జి తర్వాత నాలుగైదు రోజులు ఆసుపత్రి పక్కనే గది తీసుకుని ఉండి, కాల్షియం మళ్లీ చూపించుకుని బయల్దేరండి. ఆపరేషన్ అయిన మర్నాడు పీటీహెచ్ (పారాథైరాయిడ్ గ్రంథుల హార్మోన్) పరీక్ష చేస్తారా అని కూడా అడగండి. అది బాగా తక్కువుంటే తిమ్మిరి రాకముందే మాత్రలు మొదలుపెడతారు.

పిన్నిగారి మాటలో నిజం ఉంది. వెల్లూరు సీఎంసీలో ఎండోక్రైన్ సర్జరీకి ప్రత్యేక విభాగమే ఉంది. ఊళ్లోనూ, రాణిపేటలోనూ వాళ్లకి క్యాంపస్‌లున్నాయి, అపాయింట్‌మెంట్ చీటీలో ఏది రాశారో చూసుకుని బయల్దేరండి. అంత దూరం కుదరకపోతే విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్‌వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, తిరుపతిలో స్విమ్స్, హైదరాబాద్‌లో నిమ్స్, ఎంఎన్‌జే, బసవతారకం ఉన్నాయి. ఎక్కడికి వెళ్లినా ఆసుపత్రి పేరు చూసి ఊరుకోకండి, పైన చెప్పిన ప్రశ్నలు అక్కడి సర్జన్‌ని కూడా అడగాల్సిందే. ఖర్చు విషయానికొస్తే, ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే ఆ ఆసుపత్రి నెట్‌వర్క్‌లో ఉందో లేదో, ఈ ఆపరేషన్ అక్కడ ఆ పథకం కింద చేస్తారో లేదో ఆరోగ్యమిత్ర కౌంటర్లో ముందే కనుక్కోండి. అనుమతి ఆపరేషన్‌కి ముందే రావాలి. ప్యాకేజీ చెప్పిన చోట నరం మానిటర్ గొట్టం, బయాప్సీ ఛార్జీ, నోడ్స్ తీయాల్సి వస్తే అయ్యే అదనం, ఇవన్నీ అందులో ఉన్నాయో లేదో కాగితం మీద రాయించుకోండి.

షుగర్ మాత్రల విషయంలో ఒక హెచ్చరిక. డాపాగ్లిఫ్లోజిన్ ఆపరేషన్‌కి కనీసం మూడు రోజుల ముందు ఆపాలి. ఉపవాసంతో ఉన్నప్పుడు అది ఒంట్లో ఉంటే, షుగర్ మామూలుగానే కనిపిస్తూ రక్తం ఆమ్లంగా మారే ప్రమాదం ఉంది. షుగర్ అంకె బాగుంది కదా అని ఎవరూ గుర్తుపట్టరు. మీ అంతట మీరు ఆపకండి, షుగర్ డాక్టరుకీ, మత్తు డాక్టరుకీ పేరు పెట్టి చెప్పి, బదులుగా ఏం వాడాలో రాయించుకోండి. రక్తం పలచన చేసే మాత్రలు ఏవైనా ఉంటే అవీ చెప్పాలి.

ఈ వారం చేయాల్సిన మొదటి పని సూది పరీక్ష స్లైడ్లు తెచ్చుకోవడం. రిపోర్టు కాగితం చాలదు, గాజు స్లైడ్లే కావాలి, కొత్త ఆసుపత్రిలో పాథాలజిస్టు మళ్లీ చూస్తారు. బెథెస్డా 6 అంటే క్యాన్సర్ కాకపోయే అవకాశం చాలా తక్కువ, అయినా అది పాపిలరీనా, మెడుల్లరీనా అన్నది ఇంకో కన్ను చూడటం మంచిది. మెడుల్లరీ అయితే ఆపరేషన్ పద్ధతే మారుతుంది. సూది పరీక్ష స్లైడ్లు పోతే మళ్లీ తయారు కావు, కాబట్టి ల్యాబ్‌లో సంతకం పెట్టి తీసుకుని, స్లైడ్ల డబ్బాలోనే తీసుకెళ్లి, అక్కడ ఇచ్చినప్పుడు రసీదు తీసుకోండి. స్కానింగ్ ఫిల్ములు, టీఎస్‌హెచ్, కాల్షియం, విటమిన్ డి రిపోర్టులు, వాడే మాత్రల పట్టీ ఒకే ఫైల్లో పెట్టండి. మీ ఊరి సర్జన్‌తో దాపరికం వద్దు. "సార్, ఇంకొకరి అభిప్రాయం తీసుకుని వస్తాం, స్లైడ్లు ఇప్పించండి" అంటే చాలు. తర్వాత కుట్లు చూపించుకోవడానికి ఆయన దగ్గరికే వెళ్లాల్సి రావచ్చు.

మొత్తం గ్రంథి తీస్తే మర్నాటి నుంచి థైరాక్సిన్ మాత్ర మొదలవుతుంది, రేడియో అయోడిన్ ఆలోచన ఉంటే ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరు చెప్తారు. మోతాదు మొదట్లో కిలో బరువుకి ఇంచుమించు 1.6 మైక్రోగ్రాములు, అంటే 60 కిలోల మనిషికి దాదాపు 100. లేవగానే పరగడుపున వేసుకుని, కాఫీ కనీసం అరగంట ఆగి తాగాలి. కాల్షియం మాత్రని దానికి నాలుగు గంటల దూరంలో వేసుకోవాలి. రెండూ కలిపి మింగితే థైరాక్సిన్ ఒంటికి పట్టదు.

చివరిగా, ఆపరేషన్‌కి వెళ్లే ముందు అమ్మగారి చేత రోజూ పాడే కీర్తన ఒకటి పై స్థాయి చరణంతో సహా పాడించి ఫోన్‌లో రికార్డు చేసి ఉంచండి. ఆపరేషన్ తర్వాత మొదటి రెండు వారాలు గొంతు బరువుగా, కాస్త బొంగురుగా ఉండటం మామూలే, అది మత్తు గొట్టం వల్ల కూడా వస్తుంది. మూడు వారాలు దాటినా అలాగే ఉంటే ఈఎన్‌టీ చేత స్వరతంత్రుల్ని మళ్లీ చూపించండి. తొందరగా పట్టుకుంటే గొంతు వ్యాయామాలతో, అవసరమైతే తంత్రిలోకి ఇచ్చే ఇంజెక్షన్‌తో చాలా వరకు బాగవుతుంది. ఆ రోజు ఈ పాత రికార్డింగ్‌ని డాక్టరుకి వినిపించండి. ఏ స్వరం దగ్గర తేడా వస్తోందో నోటితో చెప్పడం కంటే అది స్పష్టంగా చెప్తుంది.